శాంతిసేనకు వండినవారు

2023వ సంవత్సరము ఆగస్టు మాసమున "మేరీ మాటీ మేరా దేశ్" అను కార్యక్రమము జరిగినప్పుడు దేశమున పంచాయతీ పంచాయతీకి శిలాఫలకములు నిలిపిరి. దేశమునకై పాటుపడిన స్థానికుల పేళ్లను రాతిపై చెక్కించుట దాని యుద్దేశము. మా గ్రామము గుంటూరు మండలమున పెదనందిపాడు ప్రాంతములోనిది. నల్లరేగడి నేల, ప్రత్తియు మిరపయు మా లోకము. నేను అక్కడికి నాలుగు కోసుల దూరమున నున్న పాఠశాలలో ఉపాధ్యాయుడను. సంస్కృతము చదివినవాడు, ఇంగ్లీషు చదివినవాడు, చేవ్రాత కుదురుగా నుండువాడు అను కారణముచేత పేళ్ల పట్టిక సిద్ధపరచు పనిని ఊరిపెద్దలు నా కప్పగించిరి.

రచ్చబండకడ నలుగురు వృద్ధులను కూర్చుండబెట్టి యడిగితిని. తొమ్మిది పేళ్లు వచ్చినవి. 1921-22 నాటి పన్నుల నిరాకరణమున శాంతిసేనలో చేరినవా రయిదుగురు; 1930లో ఉప్పుసత్యాగ్రహమున చెరసాలకు పోయినవారు ముగ్గురు; 1942 నాటివాడు ఒక్కడు. తొమ్మండుగురును పురుషులే. అందు నాకు వింత యేమియు తోచలేదు. ఇరువదేండ్లుగా తరగతిగదిలో నేను చెప్పుచున్న పాఠమును ఇట్టిదే కదా.

ఆ రాత్రి భోజనమువేళ ఆ పట్టికను మా యమ్మకు చదివి వినిపించితిని. అంతయు విని ఆమె, "మీ తాతమ్మ పేరేదిరా?" అని యడిగెను.

"తాతమ్మ ఏం చేసిందమ్మా?"

"ఏం చేసిందా? వాళ్ళందరికీ వండింది."

నేను నవ్వితిని. "వండినవాళ్ళ పేర్లన్నీ రాయాలంటే రాయి చాలదమ్మా" అంటిని. ఆమె మాఱుపలుకలేదు. చేయి కడిగికొని లేచి, అటకమీది ఇత్తడి గుండిగను నాచేతనే దింపించి, దీపము క్రిందికి జరిపించెను. దాని కడుపున అరచేయి పట్టునంత సొట్ట గలదు. చిన్ననాటనుండి ఆ సొట్టను చూచుచునే యున్నాను. అది యెట్లు పడినదో ఎన్నడును అడిగినవాడను కాను. ఆ నవ్వును ఆ సొట్టను తలచుకొనియే యీ వ్యాసము వ్రాయబూనితిని.

పిన్నవయసు చదువరులకొరకు పూర్వకథ కొంత చెప్పవలసియున్నది. సహాయనిరాకరణ కాలమున మా మండలము రెండుచోట్ల పేరుపొందినది. మొదటిది చీరాల-పేరాల. ఆ రెండు గ్రామములను కలిపి ప్రభుత్వము 1919లో పురపాలకసంఘముగా మార్చగా, పెరిగిన పన్నులు చెల్లింపజాలమని జనులు మొండికెత్తిరి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు వారికి నాయకులైరి. వారు ఎడింబరోలో ఎం.ఏ. పట్టము పొందివచ్చియు కాషాయము ధరించి పల్లెపాటలు పాడినవారు. స్వచ్ఛందసేవకులను కూర్చి దానికి 'రామదండు' అని పేరుపెట్టినవారు. 1921 ఏప్రిలులో గాంధీగారు చీరాల వచ్చి చూచి, ఊరు విడిచిపోవుట యొక మార్గమని సూచించిరి. పదునైదువేల పైచిలుకు జనములో పదుమూడువేలకు పైగా ఇండ్లు విడిచి, పురపాలక హద్దులకు వెలుపల పాకలు వేసికొని, ఆ పాకలకు రామనగరమని పేరుపెట్టుకొని పదునొకొండు మాసములు కాపురముండిరి. రెండవది మా పెదనందిపాడు. 1921 డిసెంబరులో ఇక్కడి రైతులు భూమిశిస్తు చెల్లింపుట మానిరి. గ్రామోద్యోగులు రాజీనామా లిచ్చిరి. పర్వతనేని వీరయ్యచౌదరిగారు వేలకొలది యువకులతో శాంతిసేనను నిర్మించిరి. జనులు వారిని 'ఆంధ్రశివాజీ' యనిరి. కలెక్టరు రూథర్‌ఫర్డు జప్తులు చేయించెను, సైనికులను రప్పించెను. ప్రజలు చేయి యెత్తలేదు.

ఇంతవరకు ఏ పుస్తకమునందైనను దొరకును. నే నడుగునది వేఱు. పదుమూడువేలమంది పాకలలో పదునొకొండు మాసము లుండిరని ఒక్క వాక్యమున వ్రాసినంతలో ఎంతపని దాగిపోయినది! గ్రీష్మమునందు తాటాకు పాకలో పొయ్యి రాజేయుట యెట్టిదో ఆ వాక్యము వ్రాసినవా డెరుగునా? వానకాలమున సముద్రపుగాలికి కప్పు లేచిపోయినప్పుడు తడిసిన కట్టెలతో వండిన దెవరు? చీరాల నేతగాండ్ర యూరు. మగ్గము పాకలో పట్టదు. మగ్గము సాగని యింట అప్పు పుట్టించిన దెవరు? "మన యింటికి మనము పోదము" అని బిడ్డ యేడ్చినప్పుడు ప్రతిరాత్రియు సమాధానము చెప్పిన దెవరు? రామదండు బాటలవెంట పాడుచు నడచినది. నిజమే, ఆ పాట జనులకు ధైర్యమిచ్చినది. పాడి పాడి వచ్చినవానికి ధైర్యమిచ్చిన దెవరో చెప్పువారు లేరు. చీరాలలో పన్ను కట్టక శిక్షపొందినవారిలో ఒక స్త్రీయు కలదని తెలిసినవారును మా ప్రాంతమున నేడు అరుదు.

యుద్ధమునకు పోవు పురుషునకు స్త్రీ ధైర్యమిచ్చుట మన సాహిత్యమున లేని విషయము కాదు. నేను చదివిన చదువంతయు ఆ కథలతో నిండియున్నది. ఉద్యోగపర్వమున విదుల యను రాజమాత, సింధురాజు చేత నోడి వచ్చి పండుకొనియున్న కొడుకును మాటలతో కాల్చి మరల యుద్ధమునకు పంపినది. ఆ కథనే కుంతి తన కొడుకులకు చెప్పుమని శ్రీకృష్ణునితో పంపినది. మన నెల్లూరి ఖడ్గతిక్కన సేన నశించి యింటికి మరలివచ్చినపుడు, భార్య చానమ్మ స్నానమునకు మంచమడ్డుపెట్టి పసుపు ముద్ద యుంచినదట. తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు వడ్డించినదట. ఆయన మరలిపోయి యుద్ధమున పడినాడు. మా పల్నాటి మాంచాల, పెండ్లియైనది మొదలు తన గడప త్రొక్కని బాలచంద్రుడు రణమునకు పోవుటకు ముందు వచ్చినప్పుడు, అతనిని నిలుపుకొనక కత్తి యిచ్చి పంపినది. కారెంపూడిలో నేటికిని ఏటేట వీరుల తిరునాళ్లు జరుగుచున్నవి. ఈ కథలను నేను తరగతిలో ఆవేశముతో చెప్పుదును. పిల్లలును చప్పట్లు కొట్టుదురు.

మా యమ్మ చెప్పిన కథ విన్నపిదప ఈ కథలలో ఒక చిక్కు కనబడినది. ఈ స్త్రీలందరు ఒక్కపనియే చేసిరి: పురుషునకు సిగ్గు పుట్టించి చావునకు పంపిరి. ఆ కథలను కట్టినవారును పాడినవారును పురుషులు. శాంతిసేనకు ఇట్టి ప్రోత్సాహముతో పనిలేదు. ఆయుధము లేనివానికి పౌరుషము నూరిపోసినచో జరుగునది పోట్లాటయే. పోట్లాట జరిగెనా, ఉద్యమము ఆనాడే ముగియును. కోపము పుట్టవలసినచోట కోపమును చల్లార్చుట, చల్లారినవాడు పిరికివాడై యింటికి పోకుండ నిలుపుట — ఈ రెండును ఒక్కమారుగా చేయవలసిన సేన అది. దాని ధైర్యము పసుపుముద్దతో నిలుచునది కాదు. ఇది మా తాతమ్మకు తెలిసినదని నే ననను. ఆమె చేసినపని మాత్రము ఇదియే.

తాతమ్మ యనగా మా తండ్రిగారి నాయనమ్మ. నాకు పదేండ్లు వచ్చువరకు బ్రదికియున్నది. ఎఱ్ఱని మిరపకాయలు కల్లములో ఎండుచుండగా వేపచెట్టు క్రింద ముక్కాలిపీటపై కూర్చుండి ప్రత్తి ఏకి ఒత్తులు చేయుచు, వచ్చినవారి నెల్ల "అన్నం తిన్నావా?" అని యడుగుచుండెడిది. వచ్చినవాడు తిన్నానన్నను నమ్మెడిది కాదు. ఆ ప్రశ్నను అనుకరించి మేము పిల్లలము నవ్వుకొనెడివారము. నేనైతే ఆమె గొంతుకూడ చక్కగ అనుకరింపగలిగి యుంటిని.

1921 నాటికి ఆమెకు పదునాఱేండ్లు. కాపురమునకు వచ్చి రెండేండ్లు. మామగారు ఊరిలో మొదట పన్ను మానినవారిలో నొకరు. శాంతిసేన కుఱ్ఱవాండ్రు ఊరూర తిరుగుచు, రైతులకు ధైర్యము చెప్పుచు, జప్తుదారులు వచ్చు కబురు ముందుగా చేరవేయుచు, రాత్రి యెక్కడ పొద్దుపోయిన అక్కడ పండుకొనెడివారు. ఒకనాటి మాపు మామగారు వాకిట నిలిచి, "ఇరవైమంది వస్తన్నారు" అని మాత్రము చెప్పి వెడలిపోయిరట. ఇరువదిమందికి ఏమి వండవలెను, ఎక్కడనుండి తేవలెను అనునది ఆయన పని కాదు. ఆనాడు మొదలు మాఘమాసము పూర్తియగువరకు ఆ యింట పొయ్యి ఆఱలేదు. ఆమెయు తోడికోడలును ఇరువురు. పగలు ప్రత్తి తీత, ప్రొద్దు వాలినపిదప దంపుడు, రాత్రి వంట. జొన్నన్నము, పప్పుపులుసు, గోంగూర, పలుచని మజ్జిగ. పాతరలోని జొన్నలు సంక్రాంతికే అడుగంటినవి. తరువాత అప్పు జొన్నలు. ఆ యప్పునకు తోడికోడలి వెండి కడియములు కుదువకు పోయినవి. అవి మరల రాలేదు. మగవారు తిన్నపిదప మిగిలినది ఆడువారు తినెడివారు. మిగలని రాత్రులందు గంజి.

"అంత మందికి ఎట్లా వండావే అని అడిగా ఒకసారి," అని మా యమ్మ చెప్పెను. "వండటం ఏముంది, గరిటెలు లెక్కపెట్టుకోవటమే కష్టం అంది."

గుండిగ సొట్ట సంగతి యిది. ఆ యింటికి జప్తు వచ్చునని తెల్లవాఱుజామున కబురువచ్చెను. ఇత్తడి సామానులు పోయినచో మరునాటి వంట లేదు. కోడండ్రిద్దఱును చెంబులు, గిన్నెలు ప్రత్తిబోరెములలో కూరిరి; గుండిగ బోరెమున పట్టక, తాడుకట్టి బావిలోనికి దింపుచుండగా తాడుజాఱి రాతికట్టుకు తగిలినది. జప్తుకు వచ్చినవారు ఇంట సామాను దొరకక కొట్టములోని పాడిబఱ్ఱెను తోలుకొనిపోయిరి. అది తాతమ్మ పుట్టింటివారు సారెగా నిచ్చిన బఱ్ఱె. వేలమునకు పాడువారు దొరకలేదు. ఉద్యమమున ఆ కట్టుబాటు బలముగా నుండెను. ఐనను బఱ్ఱె తిరిగిరాలేదు.

ఆనాటి మధ్యాహ్నము శాంతిసేనలోని పడుచువాడొకడు, ఆ యూరివాడే, కోపము పట్టజాలక చేతికఱ్ఱ తీసికొని బయలుదేరెను. వాడొక్కడు కొట్టినచో ఊరంతటిమీదికి సిపాయిలు వచ్చెడివారు. పెద్దలెవ్వరు చెప్పినను వినలేదు. తాతమ్మ వానికి అడ్డుపడలేదు, అహింసను గూర్చి చెప్పలేదు. ఆ మాట యామెకు తెలిసియుండునో లేదో. "పోదువుగానీ, పొద్దుననగా తిన్నావు. ముద్ద తిని పో" అన్నదట. విస్తరి వేసినది. వేడి జొన్నన్నమును ఒక్కమారుగా పెట్టక, గరిటెడు గరిటెడుగా పెట్టినది. పులుసు కాగలేదన్నది. మజ్జిగకు లోపలికి పోయి ఆలసించినది. వాడు తినుచు తినుచు ఏడ్చినాడట. పిదప కఱ్ఱ గోడకు చేర్చి అరుగుమీద పండుకొన్నాడు. తొమ్మిది పేళ్లలో వాని పేరు రెండవది.

ఇంతవరకు చెప్పి మా యమ్మ ఆగెను. నేను ఉత్సాహముతో, "అయితే తాతమ్మకు స్వరాజ్యమంటే అంత పట్టుదల ఉండేదన్నమాట" అంటిని. ఉపాధ్యాయులకు ఇట్టి వాక్యములు నాలుకచివర నుండును. మా యమ్మ నవ్వెను. ఈసారి నవ్వు ఆమెది.

"స్వరాజ్యం సంగతి నాకు తెలవదురా. ఆ రోజుల గురించి ఎప్పుడడిగినా బర్రె గురించే చెప్పేది. ఈనిక బర్రె, దూడ ఇంటికాడ అరుస్తా ఉందని."

ఈ మాటను దాచిపెట్టి వ్యాసము వ్రాసియుందునేని వ్యాసము మరింత శోభించియుండును. కాని మన సంస్కర్తలును దేశభక్తులును స్త్రీల సేవను పొగడునప్పుడు ఒక లోపము తఱచుగ జరుగుచున్నది. ఆమె స్వయముగ కోరి చేసినదానిని, చేయక తప్పనిదానిని కలిపి ఒక్క త్యాగమని పేరుపెట్టుచున్నాము. "ఇరవైమంది వస్తన్నారు" అని మామగారు చెప్పినప్పుడు కాదనుటకు ఆ పదునాఱేండ్ల పిల్లకు హక్కు కలదా? కాదనుటకు వీలులేనిచోట ఔననుట స్వచ్ఛందసేవ యగునా? రామదండులో చేరినవాడు తన యిచ్ఛచే చేరెను. శాంతిసేన సైనికుడు ప్రమాణము చేసి చేరెను. వానికి విస్తరి వేసినవారిని ఎవరు ప్రమాణ మడిగిరి?

కోరి చేసినవారు లేకపోలేదు. మా గుంటూరునందే ఉన్నవ లక్ష్మీబాయమ్మగా రుండిరి. భర్త లక్ష్మీనారాయణగారితో కలిసి వితంతువులకు ఆశ్రయము, వివాహము కల్పించుటలో తిట్లు తిన్నవారు. 1922లో శారదానికేతనము నెలకొల్పి ఆడుపిల్లలకు చదువు, చేతిపని నేర్పినవారు. భర్త రాయవేలూరు చెరసాలలో 'మాలపల్లి' వ్రాయుచుండగా బయట సంస్థను మోసినవారు. 1930లో తామే చెరసాలకేగినవారు. తూర్పున ద్రాక్షారామమునుండి దువ్వూరి సుబ్బమ్మగారు వితంతువై యుండియు ఊరూర ఉపన్యసించి 1922లో జైలు చూచిరి. ఏలూరున మాగంటి అన్నపూర్ణాదేవిగారు 1921లో నగలన్నియు గాంధీగారి చేత పెట్టిరి. 1923 కాకినాడ కాంగ్రెసున పదునాలుగేండ్ల దుర్గాబాయి స్వయంసేవికగ ద్వారమునొద్ద నిలిచి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపిన కథ మనవారందఱికిని తెలియును. వీరు తమ నిర్ణయమును తాము చేసికొన్నవారు. 1930లో దండియాత్రకు గాంధీగారు ఎన్నుకొన్న డెబ్బదియెనమండుగురిలో ఒక్క స్త్రీయు లేదు. అడుగక తప్పదని స్త్రీలే అడిగిరి. పిమ్మట కల్లుదుకాణముల ముందును, విదేశీవస్త్రముల అంగళ్ల ముందును నిలుచుపని వారికి దక్కెను. వారు అంతటితో నాగక ఉప్పుకొటార్లకే పోయిరి. అడుగుటకు కొంత చదువు, కొంత ధైర్యము, ఇంట కొంత చోటు కావలెను. మా తాతమ్మకు మూడును లేవు.

మఱి యొక సంగతి చెప్పక తీఱదు. ఆ యిరువదిమందిలో అన్ని కులములవారు నుండిరా యని మా యమ్మ నడిగితిని. ఉండిరట. మాలపల్లెనుండి వచ్చినవా డిద్దఱు. వారికి విస్తళ్లు ఎక్కడ వేసిరి? వాకిలి దాటి, చూరుక్రింద. తాతమ్మ ఎత్తునుండి వడ్డించినది. పన్నులు నిరాకరించుటకు ముందు ఏ ప్రాంతమైనను నెరవేర్పవలసిన నిబంధనలను 1921 నవంబరులో కాంగ్రెసు విధించెను. అంటరానితనము విడుచుట వానిలో నొకటి. గుంటూరువారు ఆ నిబంధనలను పూర్తిచేసితిరా యని గాంధీగారు కొండ వెంకటప్పయ్యగారి నడిగిన యుత్తరములు చరిత్రలో నున్నవి. వెంకటప్పయ్యగారికి ఆ ప్రశ్న యెంత బరువైనదో మా యింటి చూరుక్రింద చూచినచో తెలియును. గరిటెడు గరిటెడుగా పెట్టి ఒకని కోపము చల్లార్చిన చేయియు, ఎత్తునుండి వడ్డించిన చేయియు ఒక్కటే. రెండింటిని వ్రాయకున్న నేను ఆమెకు చేయు గౌరవము అబద్ధమగును. అదియునుగాక, జప్తుదారుల బట్టలు ఉదుకమని యూరివారు కట్టుబాటు చేసినప్పుడు ఆ మాసముల కూలి పోగొట్టుకొన్న స్త్రీ యొకతె కలదు. పొలము లేనిది, శిస్తు లేనిది, స్వరాజ్యము వచ్చినను పోగొట్టుకొన్నది తిరిగిరానిది. ఆమె యింటివా రెవ్వరును నేడు మా యూర లేరు.

ఫిబ్రవరి వచ్చినది. చౌరీచౌరా జరిగినది, గాంధీగారు ఉద్యమమును నిలిపివేసిరి. మా ప్రాంతమున పట్టు అప్పటికే సడలినది. భూములు పోవునను భయము నిజమైన భయము. భూమి పోయిన రైతుకు మిగులున దేమి? ఒక్కొక్కరుగా పన్ను చెల్లించిరి. మా తాతమ్మ మామగారును చెల్లించిరి. చీకటిపడినపిదప పోయి చెల్లించి వచ్చి, ఎవ్వరితోను మాటలాడక పండుకొనిరట. ఊరిలో మగవారు ఒకరి మొగము నొకరు చూచుకొనలేకపోయిరి.

రెండు మూడు దినములకు శాంతిసేన కుఱ్ఱవాండ్రు కొందఱు తమ యూళ్లకు మరలిపోవుచు మా వీధి మీదుగ వచ్చిరి. మధ్యాహ్నమువేళ. మునుపు వచ్చుచున్నారనగానే ఎదురేగినవారు ఆనాడు తలుపులు మూసికొనిరి. పన్ను కట్టినవారు వీరి యెదుటికి వచ్చుటకు సిగ్గుపడిరి. ఇంతమందిని నమ్మించి నిలుపలేకపోతిమని వీరు సిగ్గుపడిరి. తల వంచుకొని నడచిపోవుచున్నారు. మామగారు లోపల గదిలో నున్నారు. కోడలు వీధిలోనికి వచ్చి పరపురుషులను పిలుచుట ఆ యింట లేదు. ఆమె వీధి గడపమీద నిలిచి, కొంగు నెత్తిన వేసికొని గట్టిగా అన్న మాట మా యమ్మ నాకు చెప్పినది:

"పన్ను కట్టాంగానీ, అన్నం పెట్టడం మానలేదుగా. రండి."

వారు వచ్చిరి. అరుగుమీద కూర్చుండిరి. ఎవ్వరును మాటలాడలేదట. తినుచున్నంతలో లోపలి గదినుండి మామగారు వచ్చి, చెంబు తీసికొని వారి చేతులకు నీళ్లు పోసిరట. ఆయన తన జీవితములో ఒకరికి చేతులకు నీళ్లు పోయుట తాను చూచినది అదొక్కమారే యని తాతమ్మ చెప్పెడిదట. తరువాత 1930లో చెరసాలకు పోయిన ముగ్గురిలో ఇద్దఱు ఆనాడు ఆ యరుగుమీద కూర్చున్నవారే.

జయించిన సేనకు హారతి పట్టువారు పెక్కుండ్రు. ఓడి మరలిన ఖడ్గతిక్కనకు చానమ్మ పసుపుముద్ద పెట్టినది. ఆ పసుపుముద్ద పద్యమైనది, పుస్తకమైనది, మా తరగతులలో పాఠమైనది. మా తాతమ్మ పెట్టిన విస్తరి సంగతి నూఱేండ్లకు పిమ్మట నేను నవ్విన నవ్వుకు బదులుగ నా చెవినిబడినది.

మఱునాడు ప్రొద్దుననే పట్టికలో ఆమె పేరు చేర్తునని కలము పట్టితిని. పేరేమి? నాకు తాతమ్మ, మా నాయనకు నాయనమ్మ, ఊరివారికి పెద్దింటి చిన్నకోడలు. మా యమ్మ ఆమెకు ఆఱేండ్లు మంచముదగ్గఱ సేవచేసినది, ఆమెకును పేరు రూఢిగా తెలియదు. "మామ్మగారూ అని పిలిచేవాళ్ళం, పేరెవరు పెట్టి పిలుస్తారు?" అనినది. మా యింటి పెట్టెలోని కాగితములన్నియు తీసి చూచితిని. పొలము పంపకపు దస్తావేజు ఒకటి దొరికినది. అందు ఆమె ఫలానావారి భార్య. ఆ మాట ప్రక్కన నీలిరంగు వేలిముద్ర. ముద్ర చక్కగ పడినది, రేఖలు లెక్కింపవచ్చును. తుదకు తెనాలి ప్రక్క ఆమె పుట్టింటివారి మనుమరాలొకామె ఫోనులో పేరు చెప్పెను. ఆమెకు ఆ పేరు వంశమున మరల నొక పిల్లకు పెట్టుటచేత జ్ఞాపకమున్నదట.

పేరు పట్టుకొని పెద్దలకడకు పోయితిని. వారు నన్ను అవమానింపలేదు. ఒకరైతే విని కండ్లు తుడుచుకొనిరి. కాని "మా యింట్లోనూ వండారయ్యా, అందరిండ్లలోనూ వండారు. మీ తాతమ్మ పేరొక్కటే వేస్తే ఎట్లా?" అని యొక రడిగిరి. దానికి నాకు సమాధానము దొరకలేదు. నేను రెండుదినములక్రిందట మా యమ్మతో నవ్వుచు చెప్పిన మాటయే యది; ఈసారి నవ్వులేకుండ నావైపునకు వచ్చినది. రాయి అప్పటికే చెక్కువానికడకు పోయినది. తొమ్మిది పేళ్లతో పంచాయతీ ఆవరణమున నిలిచినది. ఆగస్టు 15న నేనే బడిపిల్లలను వరుసగ నిలిపి ఆ పేళ్లు బిగ్గఱగ చదివించితిని. వారును గౌరవార్హులే, వారిలో ఒకరి పేరును తీసివేయుట నాకు సమ్మతము కాదు.

ఐతే ఆ పెద్దమనిషి ప్రశ్నను నేను విడువలేదు. అందరిండ్లలోను వండిరనిన, ఆ యందఱి పేళ్లును కావలెను. ఒక నోటుపుస్తకము కుట్టించి, ఆదివారములందు ఇల్లిల్లు తిరుగనారంభించితిని. మొదట నన్ను జనాభా లెక్కలకు వచ్చినవాడనుకొనిరి. ఇండ్ల మగవారికి తమ తాతల జైలు తేదీలు తెలియును. ముత్తవ్వల పేళ్లు తెలియవు. వంటయింటిలోనుండి ఎవరో ఒకామె బయటికి వచ్చి చెప్పుచుండును. కడియములు కుదువపెట్టిన తోడికోడలి పేరు అట్లే దొరికినది. బిడ్డను చంకనెత్తుకొని కబురు మోసిన యొకామె, సిపాయిల గుఱ్ఱములకు నీళ్లు తోడనని చేద బావిలో పడవేసిన యొకామె — ఇవి వారివారి యిండ్లలో చెప్పుకొను మాటలు. పుస్తకములలో వెదకినచో దొరకవు. చేద సంగతి చెప్పిన ముసలామె ఆ చేదను నేటికిని చూపుదునని, గొడ్లసావిడిలోనికి తీసికొనిపోయి వెదకినది, దొరకలేదు, మా యెదుటనే కోడలిని కేకలువేసినది.

రెండేండ్లలో పదునొకొండుగురు తేలిరి. ఏడుగురి పేళ్లు రూఢిగా దొరికినవి. బట్టలు ఉదుకనన్న యామెతో కూడ నలుగురివి దొరకలేదు. వారికి ఇంటిపేరు మాత్రము వ్రాసికొని, ప్రక్కన పేరు పట్టునంత చోటు విడిచియుంచినాను.